పర్లాకిమిడిలో కూర్చుని కమరోన్ పాట వినడం ఎలా

మొదటిసారి ఈ పాట మా ఇంట్లో మోగినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే బయటికొచ్చి "ఎవుల్రా పోయినారు?" అని అడిగింది. నేను నవ్వాను గానీ, ఆవిడ అడగడంలో తప్పేం లేదు. ఫోన్లోంచి వస్తున్న గొంతు "ఆయ్" అని ఎత్తుకుని, ఆ ఒక్క అక్షరాన్నే లాగి, మధ్యలో విరిచి, మళ్ళీ అతికించి, చివర్లో గోడకి గీరుకున్నట్టు ఆపేసింది. మాట లేదు, పల్లవి లేదు. వెనకాల ఒక్క గిటార్, ఎవరో కొడుతున్న చప్పట్లు. అంతే.

ఆ గొంతు కమరోన్ దె ల ఇస్లాది. స్పెయిన్ గాయకుడు, అక్కడ గిటార్, చప్పట్లతో పాడే ఫ్లామెంకో అనే పాటలు పాడేవాడు. ఆయన పిచ్చి పట్టాక నేను చేసిన తప్పేంటంటే, నచ్చింది కదా అని కనపడినవాడికల్లా ఏది పడితే అది వినిపించడం. మా బావకి వినిపిస్తే రెండు నిమిషాలకి ఫోన్ నా చేతికిచ్చి "గొంతు బాలేదా ఆయనకి?" అన్నాడు. అలా నలుగురైదుగుర్ని పోగొట్టుకున్నాక, ఏ వరసలో వింటే ఎక్కుతుందో, ఏది చేస్తే చెడుతుందో నాకే అర్థమైంది. మనలాంటివాళ్ళకి, అంటే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు కలిపి నెట్టుకొచ్చే సరిహద్దు జనానికి, పనికొచ్చేలా ఆ వరస రాస్తున్నాను.

ముందు మనిషి గురించి కాస్త. అసలు పేరు హోసే మోంహే క్రూస్. 1950 డిసెంబర్ 5న పుట్టాడు. స్పెయిన్‌కి దక్షిణాన ఆందలూసియా, అందులో కాదిస్ పక్కన సముద్రపు ఒడ్డున సాన్ ఫెర్నాండో అనే ఊరు. ఆ ఊరిని అక్కడివాళ్ళు ఇస్లా అంటారు, దీవి అని. కమరోన్ అంటే రొయ్య. హితానోల ఇంట్లో, అంటే స్పెయిన్ జిప్సీల ఇంట్లో, తెల్లటి ఒళ్ళు, రాగి జుట్టుతో పుట్టిన బక్కపిల్లాడికి ఇంట్లో పెద్దాయన పెట్టిన ముద్దుపేరు. మన దగ్గరైతే 'భావనపాడు రొయ్య' అన్నట్టు. వాళ్ళ నాన్న కమ్మరి. వాళ్ళమ్మ బుట్టలు అల్లేది, ఆవిడ కూడా బాగా పాడేది. ఎనిమిదిమంది పిల్లలు. తండ్రి ఉబ్బసంతో తొందరగా పోయాడు, దాంతో ఈ పిల్లాడు స్నేహితుడితో కలిసి ట్రామ్ ఆగే చోట, సత్రాల్లో పాడి చిల్లర సంపాదించేవాడు. వాళ్ళ ఊళ్ళో వెంతా దె వార్గాస్ అనే భోజనహోటల్ ఉంది, పెద్ద పెద్ద గాయకులు వచ్చి తిని పాడుకునే చోటు. అక్కడే ఆ పిల్లాడి గొంతు నలుగురికీ తెలిసింది.

ఇంతవరకు తెలిస్తే చాలు. పాట వినకముందే జీవితం అంతా చదివేస్తే ఇక ప్రతి "ఆయ్"లోనూ ఆయన కష్టాలే వినిపిస్తాయి, పాట వినిపించదు.

ఇప్పుడు అసలు పని. యూట్యూబ్‌లో వెతకడానికి ఇంగ్లీషులో సి, ఏ, ఎం, ఏ, ఆర్, ఓ, ఎన్ అని కొట్టండి. మొదట వచ్చిన వీడియో నొక్కెయ్యకండి. పైకి తేలేది తరచుగా 1979 రికార్డు 'లా లెయెందా దెల్ తియెంపో', దాని సంగతి తర్వాత చెప్తాను, లేదా 1989లో లండన్ పెద్ద ఆర్కెస్ట్రాతో చేసిన 'సోయ్ హితానో'. ఆ రెండోది ఆయన రికార్డుల్లో బాగా అమ్ముడైనది. అయినా సరే, వయొలిన్ల వరదలో ఆయన గొంతుని వెతుక్కోవడం నాకైతే ఇప్పటికీ చిరాకే. కొత్తవాళ్ళకి అస్సలు వద్దు.

మొదలు పెట్టాల్సింది 1981 నాటి 'కోమో ఎల్ ఆగ్వా'తో. 'నీళ్ళలాగా' అని అర్థం. గిటార్ ఇద్దరిది, ఒకరు పాకో దె లూసియా, ఇంకొకరి పేరు తొమాతీతో. ఆ పేరుతో ఉన్న మొదటి పాట తాంగోస్ అనే రకం, నాలుగు దెబ్బల తాళం, అంటే మన ఆదితాళం అలవాటున్న ఏ చెవికైనా ఇబ్బంది లేదు. అర్జెంటీనా టాంగో డాన్సుకీ దీనికీ ముడిపెట్టకండి, ఇది వేరు. మూడు రోజులు ఈ ఒక్క పాటే వినండి. గిన్నెలు తోముతూ వినండి, బండి తుడుస్తూ వినండి. అర్థం చూడొద్దు. నాలుగో రోజుకి ఆ గొంతు గరగర మీకు మామూలైపోతుంది. కొత్తవాళ్ళకి అసలు అడ్డం ఆ గరగరే, ఎందుకంటే మనకి గొంతంటే తేనె పోసినట్టుండాలని సినిమాలు నేర్పాయి. ఫ్లామెంకోలో గొంతు చిరిగితేనే విలువ, దానికి వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా రాహో అని పేరు కూడా ఉంది. మన జముకుల కథ చెప్పేవాళ్ళు తెల్లవారుజామున మూడింటికి ఎలా పాడతారో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు ఎవరైనా "గొంతు బాలేదు" అన్నారా?

తర్వాత తాళం. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే ఫ్లామెంకో మొత్తానికి తాళంచెవి ఇదే, దీన్ని పట్టకుండా పదేళ్ళు విన్నా పైపైనే ఉంటారు.

వాళ్ళు తాళాన్ని కొంపాస్ అంటారు. ముఖ్యమైన పాటలు చాలావరకు పన్నెండు దెబ్బల చుట్టు మీద నడుస్తాయి. పుస్తకాల్లో ఒకటి నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టి, మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద గట్టిగా కొట్టమంటారు. నేను అలా ప్రయత్నించి నాలుక మడతపడి మానేశాను. వాళ్ళ భాషలో అంకెలు పొట్టివి, మనకి "పదకొండు" అనేసరికి రెండు దెబ్బలు దాటిపోతాయి. ఒకరోజు ఊరికే మన మృదంగం సొల్లుకట్టుతో పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది:

తకిట తకిట తక తక తక

మూడు, మూడు, రెండు, రెండు, రెండు. కలిపితే పన్నెండు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద గట్టిగా చప్పట్లు. ఇదే బులేరియాస్, ఫ్లామెంకోలో అతి వేగంగా నడిచే అల్లరి రకం. వాళ్ళ లెక్కలో మొదటి 'త' పన్నెండో దెబ్బ మీద పడుతుంది, మీరు ఆ అంకెలు మర్చిపోయినా ఫర్వాలేదు. ఇదే చుట్టుని బాగా నెమ్మది చేస్తే సొలేయా, గంభీరమైన రకం. సొలేయా వినేటప్పుడు పదో దెబ్బ దగ్గర చూడండి, గిటార్ వాక్యం అక్కడే వాలుతుంది, మోసిన బరువు అరుగు మీద దింపినట్టు.

ఇక సెగిరియా ఉంది, అన్నిటికంటే లోతైనదని వాళ్ళే చెప్పేది. దాని ముక్కలు వేరు:

తక తక తకిట తకిట తక

అవే పన్నెండు దెబ్బలు, కానీ మధ్యలో నడక కుంటుతుంది. మొదటి రెండు అడుగులు పొట్టి, తర్వాతి రెండు పొడుగు, చివరిది మళ్ళీ పొట్టి. కర్ర పట్టుకుని మెట్లెక్కే ముసలాయన నడకలా ఉంటుంది. గాయకుడు ఈ నడకకి సరిగ్గా అంటుకుని పాడడు, కాస్త వెనకపడతాడు, మీరు "పోయింది, తప్పాడు" అనుకునేలోపు సరైన చోట వచ్చి కూర్చుంటాడు. కమరోన్‌ని జనం అంతగా నెత్తిన పెట్టుకోవడానికి ఒక కారణం ఇదే. ఎంత దూరం జారినా తాళం ఆయన ఒంట్లోనే ఉంటుంది.

చప్పట్లు కొట్టడం కూడా రెండు రకాలు. ఎడమ అరచేతి మీద కుడిచేతి మూడు వేళ్ళతో కొడితే ఠక్కుమని పదునుగా వస్తుంది, అది క్లారాస్. రెండు అరచేతులూ కాస్త గుంటగా చేసి కలిపితే బొంగురుగా వస్తుంది, అది సోర్దాస్. గాయకుడు పాడుతున్నప్పుడు సోర్దాస్ కొట్టాలి, గొంతుకి అడ్డం రాకుండా. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు సోర్దాస్‌తో మొదలుపెట్టండి, లేదంటే పక్కింటివాళ్ళు భజన మొదలైందనుకుంటారు. మా ఇంట్లో అదే జరిగింది, ఒకావిడ ప్రసాదం అడగడానికి కూడా వచ్చింది.

తాళం చేతికి వచ్చాక 1970ల రికార్డులకి వెళ్ళండి. 1968లో కమరోన్ మాడ్రిడ్ వెళ్ళి తోర్రెస్ బెర్మేహాస్ అనే తాబ్లావోలో, అంటే రోజూ రాత్రి పాటా ఆటా ఉండే చోట, కుదిరాడు, పన్నెండేళ్ళు అక్కడే. ఆ మాడ్రిడ్ రోజుల్లోనే పాకో దె లూసియాతో జోడీ కుదిరింది. 1969 నుంచి 1977 దాకా ఇద్దరూ కలిసి తొమ్మిది రికార్డులు చేశారు. అన్నీ వినక్కర్లేదు. నన్నడిగితే 1972 నాటి 'కనస్తేరా' చాలు మొదట. ఆ మాటకి బుట్టలల్లే ఆవిడ అని అర్థం, వాళ్ళమ్మ పని. ఆ పేరుతోనే వీళ్ళిద్దరూ ఒక కొత్త పాట రకాన్నే కట్టారు. ఫ్లామెంకోలో రకాలన్నీ ముత్తాతల కాలంనాటివి, ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు కొత్తది తేవడమంటే మన దగ్గర ఎవరో కొత్త తాళం కట్టినంత పని.

ఈ దశలో గిటార్ మీద చెవి పెట్టడం నేర్చుకోండి. పాకో గొంతు వెనకాల దాక్కోడు, గొంతుని తోసుకుంటూ వెళ్తాడు. గాయకుడు ఆగిన చోట గిటార్ ఒక్కటే వాయించే ముక్కని ఫాల్సేతా అంటారు. చివర్లో ప్రతిసారీ నాలుగు మెట్లు దిగి ఒకచోట ఆగడం వినిపిస్తుంది. ఆ ఆఖరి మెట్టు మన లెక్కలో శుద్ధ రిషభం నుంచి షడ్జానికి. సంగీతం నేర్చుకున్నవాళ్ళుంటే వాళ్ళకి చెప్పండి, ఫ్లామెంకో స్వరాలు ఓ చోట హనుమతోడిలా, ఇంకోచోట గాంధారం మారి వకుళాభరణంలా నడుస్తాయి. గమకాలు మనవి కావు, నడక మనది కాదు, కానీ స్వరస్థానాలు అవే. మా ఊళ్ళో వీణ నేర్పే ఒక మాస్టారికి వినిపిస్తే "తోడి పాడుతున్నాడు, కానీ ఎవరిమీదో కోపంగా పాడుతున్నాడు" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇక ఆ "ఆయ్" సంగతి. దాన్ని కెహీయో అంటారు, మూలుగు అని. పాట ఎత్తుకునే ముందు గొంతు సర్దుకోవడానికి అనుకునేవాణ్ణి మొదట్లో. తర్వాత ఒకరోజు మా పెద్దమ్మ పోయినప్పుడు ఒడ్డునున్న పల్లె నుంచి చుట్టాలావిడ ఒకామె వచ్చింది. గుమ్మం దాకా మామూలుగా నడిచింది. చెప్పులు విడిచింది, కొంగు నడుముకి దోపుకుంది, పక్కనున్నామెని "మంచినీళ్ళున్నాయా" అని కూడా అడిగింది. శవం కనపడగానే తల మీద చెయ్యి పెట్టుకుని ఒక్కసారి ఎత్తుకుంది శోకం. ఆ ఎత్తుకోవడంలో శ్రుతి ఉంది, లెక్క ఉంది, ఎక్కడ విరవాలో ఎక్కడ ఊపిరి పీల్చాలో అన్నీ ఉన్నాయి. అలా అని అబద్ధపు ఏడుపు కాదు. చుట్టూ ఉన్నవాళ్ళందరం అప్పటిదాకా బిగబట్టుకున్నది ఆవిడ గొంతుతో బయటపడింది. కెహీయో అంటే ఏంటో ఆ రోజు నాకు తెలిసింది. మా అమ్మ గరిటె పట్టుకుని అడిగిన మాట ఎంత నిజమో కూడా.

ఇది చెవికెక్కాక మార్తినేతే వినాలి. ఇందులో గిటార్ ఉండదు. కొలిమిలో పుట్టిన పాట. గొంతు ఒక్కటే, కొన్నిసార్లు వెనకాల దాగలి మీద సుత్తి దెబ్బ. హితానోల్లో కమ్మరిపని చేసేవాళ్ళు ఎక్కువ, కమరోన్ నాన్న కూడా అదే కదా. దీన్ని ఇయర్‌ఫోన్లో వినకండి. మాకు పాతపట్నం రోడ్డు వైపు ఒక కొలిమి ఉండేది, చిన్నప్పుడు కొడవలి కక్కు పెట్టించడానికి తాతయ్యతో వెళ్ళేవాణ్ణి. పెద్దాయన చిన్న సుత్తితో కాలిన ఇనుము మీద ఎక్కడ కొట్టాలో చూపిస్తే, ఎదుట నిల్చున్న కుర్రాడు సమ్మెటతో సరిగ్గా అక్కడే వేసేవాడు. టింగ్, ఢమ్. టింగ్, ఢమ్. మధ్యలో పెద్దాయన దాగలి అంచు మీద ఊరికే ఒక దెబ్బ తట్టేవాడు, ఇనుము మీద కాదు, లెక్క తప్పకుండా ఉండడానికి. మార్తినేతేలో ఆ ఊరికే తట్టిన దెబ్బే వినిపిస్తుంది నాకు. మీకు అలాంటి జ్ఞాపకం లేకపోతే ఎక్కడైనా కొలిమి పనిచేస్తుంటే పావుగంట నిలబడి వచ్చి అప్పుడు పాట పెట్టండి.

మాటల విషయానికి ఇప్పుడు రావచ్చు. ఇన్ని రోజులూ అర్థం వద్దన్నది ఎందుకంటే, అర్థం చూస్తే మీరు కథ వెతుకుతారు. ఫ్లామెంకో పాటలో చాలాసార్లు కథ ఉండదు. మూడు నాలుగు పొట్టి పాదాల ముక్క ఒకటి, దాన్ని కోప్లా అంటారు, అందులో ఒక మాట చెప్పి వదిలేస్తారు. తర్వాతి ముక్కకీ దీనికీ సంబంధం ఉండక్కర్లేదు. ఒకదాంట్లో తల్లి, ఇంకోదాంట్లో జైలు, తర్వాతదాంట్లో అమ్మాయి కళ్ళు. చాటుపద్యాలు వరసగా చదివినట్టు అనుకోండి. అనువాదం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, ఆ "ఇంతేనా"ని లాగి లాగి ఏం చేశాడన్నదే పాట.

ఇంకోటి. డిక్షనరీలో మాటలు వెతికితే దొరకవు. ఎందుకంటే వాళ్ళు పాడేది బడి స్పానిష్ కాదు, ఆందలూసియా వాడుక. మాట మధ్యలో 'ద' మింగేస్తారు. గాయకుడిని పుస్తకాల్లో కాంతాదోర్ అనాలి, వీళ్ళు కాంతావోర్ అంటారు, చివరికి ప్రపంచమంతా అదే రాస్తోంది. నేను ఇందాక రాసిన కెహీయో కూడా అంతే, పుస్తకంలో కెహీదో. ఇది పర్లాకిమిడివాళ్ళకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టిందీ, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని రాసిందీ ఇక్కడ ఉన్నప్పుడే. మా అమ్మ "ఎవుల్రా" అన్నదాన్ని "ఎవర్రా" అని దిద్దితే ఏం పోతుందో, కమరోన్ మాటల్లో ఆ 'ద' తిరిగి పెడితే అదే పోతుంది.

ఇప్పుడు 1979కి రండి. 'లా లెయెందా దెల్ తియెంపో'. కాలం కథ అనుకోవచ్చు. అప్పటికి పాకో సొంత కచేరీలతో తీరిక లేకుండా ఉన్నాడు, గిటార్ తొమాతీతో చేతికి వచ్చింది. నిర్మాత రికార్దో పచోన్. పాటల్లో చాలావాటికి కవి గార్సియా లోర్కా మాటలు తీసుకున్నారు. డ్రమ్స్ పెట్టారు, ఎలక్ట్రిక్ బాస్ పెట్టారు, కీబోర్డు పెట్టారు. ఒక జోలపాటలో సితార్ కూడా ఉంది, వాయించింది గ్వాల్‌బెర్తో అనే సెవియా కళాకారుడు. రికార్డు బయటికి రాగానే పాత అభిమానులు మండిపడ్డారు, కొన్నవాళ్ళు కొందరు "ఇది కమరోన్ కాదు" అని కొట్టుకి వెనక్కి తెచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన బతికుండగా కొన్ని వేలు మాత్రమే అమ్ముడైంది. ఇవాళ ఫ్లామెంకోని రెండు ముక్కలు చేసి, దీనికి ముందు, దీని తర్వాత అని మాట్లాడతారు.

దీన్ని మొదట ఎందుకు వినొద్దన్నానో ఇప్పుడు తెలిసి ఉంటుంది. డ్రమ్స్, బాస్ మనకి సినిమా పాటల్లో అలవాటే కాబట్టి కొత్తవాళ్ళకి అందులో గొడవేం జరిగిందో తెలీదు, "బానే ఉంది" అని పక్కన పెట్టేస్తారు. తకిట తకిట తక తక తక చేతికొచ్చి వింటే, డ్రమ్స్ కింద కూడా ఆ పన్నెండు అలాగే నడుస్తున్నాయని పట్టుకుంటారు. ఆయన ఇల్లు పడగొట్టలేదు, పునాది అలాగే ఉంచి కిటికీలు తెరిచాడు. సంప్రదాయం రానివాడు చేసిన ప్రయోగం కాదిది, పాతదంతా కంఠతా వచ్చినవాడు చేసింది. మన దగ్గర రీమిక్సులు చేసేవాళ్ళని చూసి దీన్ని ఆ లెక్కలో వేయకండి, నాకు కోపమొస్తుంది.

సితార్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఇది చెప్పగానే ఎవరో ఒకరు "జిప్సీలు మన ఇండియా నుంచే వెళ్ళారు, అంటే ఫ్లామెంకో మనదే" అని మొదలుపెడతారు. మొదటి సగం నిజం. రోమా జనం, అంటే ఈ జిప్సీలు, సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి వెళ్ళారని వాళ్ళ భాషే చెబుతోంది. స్పెయిన్ హితానోల పాత మాటల్లో నీళ్ళని పాన్యీ అంటారు, మన బజారులో ఒడియావాళ్ళు పాణి అన్నట్టే. వాళ్ళ మాటకి కలో అని పేరు, నలుపు అనే మాట నుంచి వచ్చింది. 1971లో లండన్ దగ్గర జరిగిన మహాసభలో రోమాల జెండా ఖాయం చేసినప్పుడు నీలం, ఆకుపచ్చల మీద ఎర్రటి పదహారు ఆకుల చక్రం పెట్టారు, మన జెండా చక్రాన్ని తలపించేలా. ఇదంతా వింటే ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. కానీ పాట పుట్టింది అక్కడ, ఆందలూసియాలో, అరబ్బులు, యూదులు, ఊరి రైతులు, హితానోలు పక్కపక్కన బతికిన చోట. 1425లో స్పెయిన్‌లో హితానోల జాడ మొదటిసారి కాగితం మీదికెక్కింది, 1749లో ఒకే రోజు వలపన్ని వేలమందిని పట్టుకుని ఖైదులో వేసింది అక్కడి రాజ్యం. ఆ పాటలో ఉన్నది ఆ బతుకు. మనది అని లాక్కోవడం ఎందుకు, చుట్టరికం ఉందంటే సరిపోదా.

ఒక్కరే విన్నాక నలుగురిని పోగేయాలనిపిస్తుంది. నేను ఒక ఆదివారం సాయంత్రం డాబా మీద పెట్టాను. నా అనుభవంతో చెప్తున్నా, ఆరుగురికి మించొద్దు. ముఢీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, శనగలు కలిపి పళ్ళెంలో పెట్టాను, అది మొదటి తప్పు, నమిలే చప్పుడులో సెగిరియా కొట్టుకుపోయింది. తినడం ముందే కానిచ్చేయండి. రెండో తప్పు, బ్లూటూత్ స్పీకర్ గట్టిగా పెట్టడం. ఈ పాటకి ఊపిరి వినపడాలి, శబ్దం తక్కువైనా ఫర్వాలేదు. అందరికీ ముందే పది నిమిషాలు చప్పట్లు నేర్పండి, పిల్లలు పెద్దవాళ్ళకంటే ముందు పట్టేస్తారు. మా అప్ప కూతురు, ఏడేళ్ళ గుంట, తకిట తకిట అంటూ మెట్ల మీద గెంతుతూనే నేర్చేసుకుంది.

మధ్యలో అరవడం ఎలాగో కూడా చెప్పండి. దాన్ని హలేయో అంటారు. "ఓలే" అన్నది అందరికీ తెలుసు. మనవాళ్ళు బుర్రకథలో "శభాష్" అన్న చోటే ఇదీ పడాలి, గాయకుడు కష్టమైన మలుపు తిరిగి దిగిన క్షణంలో, మధ్యలో కాదు. ఓలే రాకపోతే భళా అనండి, ఏం ఫర్వాలేదు, మా మావయ్య "అద్దీ!" అన్నాడు, అదే అన్నిటికంటే బాగుంది. ఇలాంటి రాత్రికి సరైనది 1987 పారిస్ కచేరీ రికార్డు, ఆయన పోయాక 1999లో వచ్చింది. తొమాతీతో గిటార్, ఎదురుగా జనం, వాళ్ళ అరుపులూ అన్నీ ఉంటాయి కాబట్టి ఎక్కడ భళా అనాలో వాళ్ళే నేర్పుతారు. అందులో అలెగ్రియాస్ అనే కాదిస్ రకం వస్తే "తిరితిత్రాన్ తాన్ తాన్" లాంటి అర్థం లేని అక్షరాలతో ఎత్తుకోవడం వింటారు. తందాన తాన అలవాటైన జనం ఒక్కసారిగా నవ్వుతారు అక్కడ. మాకు అలాగే అయింది.

ఇంత చేశాక మిగిలిన జీవితం తెలుసుకోండి. సిగ్గరి, ఇంటర్వ్యూల్లో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునేవాడు. 1976లో దొలోరెస్ మోంతోయాని పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లలు. హితానో కుర్రాళ్ళు ఆయన జుట్టు, ఉంగరాలతో సహా అనుకరించారు, తల్లులు పసిపిల్లల్ని ముట్టుకోమని తెచ్చేవారట. హెరాయిన్ పట్టుకుంది, దానితో ఏళ్ళ తరబడి పోరాడాడు, సిగరెట్లు మాత్రం ఆగలేదు. దీన్ని కూడా కళాకారుడి లక్షణం అని మురిసేవాళ్ళున్నారు, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. 41 ఏళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, 1992 జులై 2న, బార్సిలోనా పక్కన బదలోనా ఆస్పత్రిలో. సొంతూరికి తెస్తే వీధులు పట్టని జనం వచ్చారు. పెట్టె మీద ఆ చక్రం జెండా కప్పారు. పర్లాకిమిడి ఉన్న మన గజపతి జిల్లా పుట్టింది ఆ ఏడాదే, అక్టోబర్ 2న. అంటే మా జిల్లా వయసు లెక్కపెట్టుకున్నప్పుడల్లా ఆయన పోయి ఎన్నేళ్ళయిందో నాకు వెంటనే తెలిసిపోతుంది.

ఫ్లామెంకో గాయకులకి ఇచ్చే బంగారు తాళంచెవి ఉంది, పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఇప్పటిదాకా అయిదుగురికే ఇచ్చారు. కమరోన్‌కి పోయాక 2000లో ఇచ్చారు. 2010లో యునెస్కో ఫ్లామెంకోని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సాన్ ఫెర్నాండోలో ఆ వెంతా దె వార్గాస్ ఇప్పటికీ ఉంది, ఎదురుగా ఆయన విగ్రహం, పక్కనే ఆయన పేరుతో మ్యూజియం, 2021లో తెరిచారు.

ఆఖర్న వినాల్సింది ఆఖరి రికార్డే, 1992 నాటి 'పోత్రో దె రాబియా ఈ మియెల్'. కోపం, తేనె కలిసిన గుర్రప్పిల్ల అని. పాకో, తొమాతీతో ఇద్దరూ ఉన్నారు. గొంతు అలిసిపోయింది, ఊపిరి అందక పాదాలు పొట్టిగా తెగుతుంటాయి, అది దాచడానికి ఎవరూ ప్రయత్నించలేదు. చప్పట్లు కొట్టకుండా వినండి దీన్ని. నేను మొన్న విన్నప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఈసారి ఎవరు పోయారని అడగలేదు. కాసేపయ్యాక చూస్తే, కాయ విరిచే చప్పుడు తకిట దగ్గర పడుతోంది.